కూర్చుని వాయించేవాడు

వేదిక మీద ఐదుగురు ఉన్నారు. పాడుతున్న అమ్మాయి, గిటార్ ఆయన, బేస్ ఆయన నిలబడి ఉన్నారు. డ్రమ్స్ వాయించే కుర్రాడు వెనకెక్కడో సగమే కనబడుతున్నాడు. ఐదో ఆయన మాత్రం ఓ పక్కగా, సన్నటి కాళ్లున్న ఒక బల్ల ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. డెబ్భై ఏళ్లుంటాయి. తల ఎత్తి జనాన్ని చూడడు. పద్దులు రాసుకునే గుమాస్తాలాగా వంగి ఉన్నాడు. సౌండ్ చూసుకునే మనిషేమో అనుకున్నాను.

పాట మొదటి లైను అయింది. అమ్మాయి ఊపిరి తీసుకుంది. ఆ ఖాళీలోకి ఏడుపు లాంటి ఒక శబ్దం వచ్చింది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎక్కడా తెగకుండా జారింది. మనం గమకం అంటామే, దాదాపు అదే. కాకపోతే ఇక్కడ రెండు మూడు స్వరాలు ఒకేసారి కలిసి జారుతున్నాయి. అది ఆ బల్లలోంచి వస్తోందని అర్థం కావడానికి నాకు ఒక పాట మొత్తం పట్టింది.

ఆఫీసు పని మీద మూడు వారాలు నాష్‌విల్‌లో ఉన్నప్పటి సంగతి ఇది. అక్కడ బ్రాడ్‌వే అనే వీధిలో పొద్దున మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా ప్రతి బార్‌లోనూ ఒక కంట్రీ బ్యాండ్ వాయిస్తూనే ఉంటుంది. బ్రేక్ ఇచ్చినప్పుడు వెళ్లి ఆ బల్లను దగ్గర్నుంచి చూశాను. పేరు పెడల్ స్టీల్ గిటార్. పది తీగలు. ఎడమ చేతిలో నున్నటి ఉక్కు కడ్డీ, కుడి చేతి వేళ్లకు తొడుగులు. ఎడమ పాదం కింద మూడు పెడల్స్, మోకాళ్లకు రెండు పక్కలా మీటలు, కుడి పాదం కింద వాల్యూమ్ పెడల్. రెండు చేతులు, రెండు కాళ్లు, రెండు మోకాళ్లు అన్నీ పనిలో ఉంటాయి కాబట్టి నిలబడి వాయించడం కుదరదు. ఎన్నేళ్ల నుంచి వాయిస్తున్నారని అడిగాను. యాభై ఏళ్ల నుంచి ఇదే జాబ్ అన్నాడు.

జాబ్ అన్నాడు, కళ అనలేదు. హోటల్ రూముకి వచ్చాక కూడా ఆ మాటే తిరుగుతూ ఉండిపోయింది. వెనక కూర్చుని, పాడేవాళ్లు వదిలిన ఖాళీలు పూరించే మనిషికి యాభై ఏళ్లు గడిచే ఉద్యోగం ఎట్లా దొరికింది? ఆ ప్రశ్న నన్ను ముందు హవాయికి, అక్కడినుంచి తిప్పి తిప్పి మా మహబూబ్‌నగర్‌కు తీసుకొచ్చింది.

*

హవాయిలో ఒవాహు దీవి మీద జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు, 1889 ప్రాంతంలో, రైలు పట్టాల పక్క నడుస్తూ ఒక ఇనప బోల్టు ఏరుకుని దాన్ని గిటార్ తీగల మీద జార్చి చూశాడని కథ. బోల్టు కాదు దువ్వెన అనీ, జేబులో కత్తి అనీ వేరే రూపాలు కూడా ఉన్నాయి. అప్పటికి అతనికి పదిహేనేళ్లు. 1904లో దీవి వదిలి వెళ్లి, అమెరికాలో, యూరప్‌లో వాయించుకుంటూ తిరిగి, 1932లో న్యూజెర్సీలో చనిపోయాడు.

ఇదే కథకు పోటీ కథ ఇంకొకటుంది. అందులో మన దేశపు మనిషి ఉన్నాడు. గాబ్రియేల్ డేవియన్ అని, ఇండియా నుంచి ఒక ఓడ కెప్టెన్ ఎత్తుకుపోయిన కుర్రాడట. కెకుకు కంటే కొన్నేళ్ల ముందే హవాయిలో తీగ మీద వస్తువు జార్చి వాయించేవాడట. చరిత్ర రాసినవాళ్లు ఎక్కువమంది కెకుకు వైపే ఉన్నారు. ఎత్తుకుపోయిన పిల్లవాడి తరఫున వాదించడానికి ఎవరుంటారు?

తీగ మీద వస్తువును జార్చడం మాత్రం ఈ నేలకు కొత్త కాదు. 13వ శతాబ్దపు సంగీత రత్నాకరంలో ఏకతంత్రి వీణను వెదురు పుల్ల జార్చి వాయించే పద్ధతి ఉంది. తంజావూరు రఘునాథ నాయకుడు తెలుగులో రాసిన శృంగార సావిత్రిలో గోటువాద్యం పేరు కనిపిస్తుందని సంగీత చరిత్రకారులు చెబుతారు. మెట్లు లేని వీణ మీద చెక్క ముక్కను జార్చి వాయించే ఆ గోటువాద్యాన్నే ఇవాళ చిత్రవీణ అంటున్నారు. అంటే జారుడు స్వరం గురించి తెలుగు కావ్యంలో రాసుకునే నాటికి నాష్‌విల్ అనే ఊరే లేదు.

ముందు మనకు తెలుసు అని చెప్పుకోవడం తేలికే. ఆ తర్వాత దానికి పని ఎవరు కల్పించారన్నదే అసలు సంగతి.

1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పనామా కాలువ పేరు మీద పెద్ద ప్రదర్శన జరిగింది. హవాయి మండపంలో వాయించిన బృందాలను చూడటానికి జనం ఎగబడ్డారు. తర్వాత కొన్నేళ్లు అమెరికాలో హవాయి రికార్డులు విపరీతంగా అమ్ముడుపోయాయి. అలా ఆ వాద్యం దక్షిణాది రాష్ట్రాల పల్లెల్లోకి చేరింది. కంట్రీ సంగీతపు తొలి స్టార్ జిమ్మీ రాడ్జర్స్ 1929లో రికార్డు చేసిన కొన్ని పాటల్లో స్టీల్ గిటార్ వాయించింది జోసెఫ్ కైపో అనే హవాయి మనిషి. కంట్రీ అంటే తెల్లవాళ్ల పల్లెపాట అని మనకొక బొమ్మ ఉంటుంది కదా. ఆ పాటలో ఏడ్చే గొంతు దీవుల నుంచి వచ్చింది. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలతో వచ్చింది.

కానీ స్టీల్‌కు ఒక ఇంజనీరింగ్ సమస్య ఉండేది. శబ్దం చిన్నది. ఫిడేలు, డ్రమ్స్ మధ్య వినబడదు. 1932లో రికెన్‌బాకర్ కంపెనీ ఒక గిటార్ అమ్మకానికి పెట్టింది. గుండ్రటి ఒళ్లు, పొడుగాటి మెడ, చూడటానికి అచ్చం పెనం. జనం దాన్ని అదే పేరుతో పిలిచారు. మార్కెట్లోకి వచ్చి నిలబడ్డ మొదటి ఎలక్ట్రిక్ గిటార్ అదే. దాన్ని చేసింది ఒళ్లో పెట్టుకుని వాయించే స్టీల్ కోసం. రాక్ హీరోలు మెడలో వేసుకుని గంతులేసే గిటార్ దాని తర్వాతే వచ్చింది.

శబ్దం సమస్య అట్లా తీరింది. కడ్డీని ఎక్కడ ఆనిస్తే అక్కడే స్వరం కాబట్టి పాడేవాళ్ల శ్రుతికి సర్దుకోవడంలో ఇబ్బంది ముందే లేదు. మిగిలింది ఒక్కటి. కడ్డీ తిన్నగా ఉంటుంది, దాని కింద దొరికే స్వరాల కలయికలు కొన్నే. దానికి పెడల్స్ పెట్టారు. 1953 చివర్లో వెబ్ పియర్స్ పాట రికార్డు చేస్తూ బడ్ ఐజక్స్ తీగ మోగుతుండగానే పెడల్ నొక్కాడు. ఒక తీగ కదలకుండా నిలిచి ఉంటే పక్క తీగ దాని పక్కనుంచే పైకి జారింది. 1954లో ఆ పాట హిట్టయింది. విన్న ప్రతి స్టీల్ వాద్యగాడూ వెళ్లి తన గిటార్‌కు పెడల్స్ బిగించుకున్నాడంటారు. నేను ఆ బార్‌లో విన్న ఏడుపు ఆ రోజు పుట్టింది.

ఇదంతా వాద్యం కథ. ఉద్యోగం కథ వేరే. 1925లో నాష్‌విల్ రేడియోలో మొదలైన గ్రాండ్ ఓల్ ఆప్రీ వారం వారం వేదిక మీద కంట్రీ షో నడిపింది. గాయకుడు ఊళ్లు తిరగాలంటే వెంట బ్యాండ్ కావాలి. హాంక్ విలియమ్స్ వెనక స్టీల్ మీద డాన్ హెల్మ్స్ ఉండేవాడు. హాంక్ 1953 జనవరి 1న, ఇరవై తొమ్మిదేళ్లకే పోయాడు. హెల్మ్స్ ఆ తర్వాత యాభై అయిదేళ్లు బతికాడు, వేరే గాయకుల వెనక వాయిస్తూ. గాయకుడు పోయినా వెనక కుర్చీ ఉంది. సంగీతకారుల యూనియన్ శాఖ ఆ ఊళ్లో 1902 నుంచీ ఉంది. రికార్డింగ్‌కు ఎంతివ్వాలన్నది గాయకుడి దయ మీద వదిలేయకుండా యూనియన్ రేటు కట్టింది.

అమెరికాను పొగడటానికి ఇదంతా చెప్పడం లేదు. అదే హాంక్ విలియమ్స్‌కు చిన్నప్పుడు అలబామా వీధుల్లో గిటార్ నేర్పింది రూఫస్ పేన్ అనే నల్లజాతి మనిషి. జనం టీ టాట్ అని పిలిచేవారు. 1939లో మాంట్‌గొమరీలో చనిపోయాడు. పాతిపెట్టిన చోట పేరు చెక్కిన రాయి కూడా వేయలేదు. శిష్యుడి బ్యాండ్‌లో స్టీల్‌కు కుర్చీ ఉంది, గురువుకు ఏ బ్యాండ్‌లోనూ కుర్చీ లేదు. ఎవరు కూర్చోవాలో అక్కడా రంగే నిర్ణయించింది.

*

స్టీల్ గిటార్ మన దగ్గరికి కూడా వచ్చింది. టౌ మో అనే హవాయి కళాకారుడు 1929లోనే ఒక బృందంతో ఇండియాలో తిరిగాడు. 1940లలో కుటుంబంతో కలకత్తాలో ఉండి వాయించాడు, నేర్పాడు. బెంగాలీ ఇళ్లలో హవాయియన్ గిటార్ హార్మోనియం అంత మామూలైపోయింది. బొంబాయి సినిమాల్లో వాన్ షిప్లే వాయించాడు. బ్రిజ్ భూషణ్ కాబ్రా దాన్ని హిందుస్తానీ రాగాల్లోకి తెచ్చాడు. శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి ఆయన చేసిన కాల్ ఆఫ్ ది వ్యాలీ 1967లో వచ్చింది. విశ్వమోహన్ భట్ దానికి మరిన్ని తీగలు చేర్చి మోహనవీణ అన్నాడు, 1994లో గ్రామీ అందుకున్నాడు.

చిన్నప్పుడు మా ఇంట్లో రేడియోలో, వార్తలకు ముందు రెండు నిమిషాలు మిగిలితే, ఎవరో గిటార్ మీద పాత సినిమా పాట వాయించేవారు. మాటల్లేని పాట. నాన్న దానికి తన మాటలు కలిపి హమ్ చేసేవాడు. వాయించింది ఎవరో ఒక్కరోజూ తెలీలేదు. నాష్‌విల్ బార్‌లో ఆ శబ్దం తెలిసినట్టనిపించింది అందుకే.

మన దగ్గర ఈ వాద్యం రెండు దారులు పట్టింది. ముందుకొచ్చి కచేరీ చేసినవాళ్లకు పేరొచ్చింది. వెనక కూర్చున్నవాళ్ల పని సినిమా ఆర్కెస్ట్రాలతో పాటు నడిచి, కీబోర్డులు వచ్చాక చాలా మటుకు ఆగిపోయింది. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఒక్క కీబోర్డు ప్లేయర్ అన్ని వాద్యాల పనీ చేశాడు. మనకు విద్వాంసుణ్ని గౌరవించడం తెలుసు. పక్కవాద్యాన్ని పోషించడం మాత్రం అలవాటు కాలేదు.

*

ఇప్పుడు పాలమూరు సంగతి. కంట్రీ అన్నా జానపదం అన్నా మాట అర్థం ఒకటే, ఊళ్లలో పాట. మా జిల్లాకూ ఒక తీగవాద్యం ఉంది, పన్నెండు మెట్ల కిన్నెర. మహబూబ్‌నగర్‌లో పుట్టి, ఇంజనీరింగ్‌కు హైదరాబాద్ వెళ్లేదాకా అక్కడే పెరిగిన నేను దాన్ని మొదటిసారి చూసింది 2021 సెప్టెంబర్‌లో, ఫోన్ స్క్రీన్ మీద. ఇంట్లోంచి పని చేస్తున్న రోజులు. భీమ్లా నాయక్ టైటిల్ పాట విడుదలైంది. మొదట్లో ఒక గొంతు, దాని పక్కనే ఒక గరుకు తీగ శబ్దం. దర్శనం మొగిలయ్య, ఊరు అవుసలికుంట. 2016 దాకా మా మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా. మర్నాటికి నా టీమ్‌లో అందరి స్టేటస్‌లోనూ అదే పాట. నీది అదే జిల్లా కదా అని ఒకరడిగారు. అవునన్నాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

కిన్నెర ఒక వెదురు బొంగు. కింద ఎండిన సొరకాయ బుర్రలు. మెట్లకు పూర్వం అలుగు పొలుసులు వాడేవారు, తేనెమైనంతో అతికించేవారు. తీగలకు జంతువుల నరాలు, వెంట్రుకలు వాడేవారు, తర్వాత ఉక్కు తీగ వచ్చింది. నెమలీకలు, అద్దాలు అలంకారం. అలుగు ఇప్పుడు వన్యప్రాణి చట్టం కింద రక్షిత జంతువు కాబట్టి ఆ పొలుసులు వాడటం నేరం. వాయించేవారు డక్కలివాళ్లు. మాదిగలకు ఆశ్రిత కులం. జాంబపురాణం చెప్పడం వాళ్ల కులవృత్తి, కానీ మాదిగవాడలోకి కూడా వాళ్లకు ప్రవేశం ఉండేది కాదు. అంటరానివాళ్లకు కూడా అంటరానివాళ్లు. కిన్నెర మీద వాళ్లు పాడిన కథల్లో పండుగ సాయన్నది పెద్దది. నిజాం కాలంలో దొరల దగ్గర దోచి పేదలకు పంచిన పాలమూరు మనిషి. స్కూల్లో మాకు రాబిన్‌హుడ్ కథ ఉండేది. సాయన్న కథ లేదు.

ఈ వాద్యం నిన్న మొన్నటిది కాదు. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో రాసిన బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య అనే భక్తుడున్నాడు, శివుడి ముందు కిన్నెర వాయించేవాడు. సంగీత రత్నాకరంలో కూడా కిన్నరి వీణల వర్ణన ఉంది. శివుడి ముందు నుంచి ఊరి బయటికి అది ఎట్లా జరిగిందో, అది కూడా రాయవలసిన చరిత్రే.

ఇంజనీర్ బుద్ధితో ఆలోచించాను. కిన్నెర ఎందుకు బ్యాండ్‌లోకి రాలేదు? శబ్దం చిన్నది. ఒక గొంతుకు, ఒక వాకిలికి సరిపోయేంత. మెట్లు మైనంతో అతికి ఉంటాయి కాబట్టి వాయించేవాడి గొంతు శ్రుతికే అది స్థిరం. కీబోర్డుతో కలవదు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను చూసిన ధూంధాం వేదికల మీద డప్పు మోగింది, డోలు మోగింది, గజ్జె మోగింది, కిన్నెర నాకు కనబడలేదు. ఇట్లా టెక్నికల్ కారణాలు రాసుకుని, సరే, ఇది వాద్యం పరిమితి అని నోట్స్ ముగించాను.

తర్వాత ఒక స్నేహితురాలి ఇంట్లో బొబ్బిలి వీణ చూశాను. ఇరవైనాలుగు మెట్లు. మైనంలో కూర్చి ఉన్నాయి. మైనం కరిగినా, మెట్టు అరిగినా పనివాడు వచ్చి మళ్లీ మేళం కడతాడట. శ్రుతి సరిచేసి పోతాడట. తనకదంతా మామూలు విషయం. నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

అదే మైనం. అదే మాట, మెట్లు. వీణలో మైనం ఉండటం ఎవరికీ పరిమితిగా కనిపించలేదు, ఎందుకంటే వీణ చుట్టూ చేసేవాళ్లు, బాగుచేసేవాళ్లు, నేర్పేవాళ్లు, రేడియోలో ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఉన్నారు. శబ్దం చిన్నదంటారా, వీణదీ చిన్నదే, కాంటాక్ట్ మైకు పెట్టారు. స్టీల్ గిటార్‌కు 1932లో చేసింది కూడా అదే. కిన్నెరకు ఆ పని చేయాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. నా నోట్స్‌లో వాద్యం పరిమితి అని రాసిన చోట కొట్టేసి, మా పరిమితి అని రాసుకున్నాను.

*

చేసినవాళ్లు అసలే లేరని కాదు. జయధీర్ తిరుమలరావు లాంటివాళ్లు ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి ఇలాంటి వాద్యాలను సేకరించారు, కళాకారులను లోకానికి చూపించారు. 2022 జనవరిలో మొగిలయ్యకు పద్మశ్రీ ప్రకటించారు. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిస్థలం ప్రకటించింది. 2024 మే నెలలో ఒక వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్ దగ్గర కట్టడం పనిలో రోజుకూలీగా మొగిలయ్య. నా టీమ్‌లో అదే గ్రూపులో అదే వీడియో పెట్టారు. ఏడుస్తున్న ఎమోజీలు వచ్చాయి. లంచ్ తర్వాత వేరే వీడియో వచ్చింది.

ఎవరిది తప్పు అన్న చర్చ చాలా జరిగింది. నాకు తోచింది వేరే. పద్మశ్రీ ముందు నిలబడ్డవాడికి ఇచ్చేది. ఒక రోజు, ఒక మనిషికి. ఒక వాద్యం బతకడానికి పేరు తెలియని యాభై మంది రోజూ ఎక్కడో ఒకచోట వెనక కూర్చుని వాయిస్తూ, నెలాఖరుకు డబ్బు తీసుకోవాలి. నాష్‌విల్ బార్‌లో ముసలాయనకు ఏ అవార్డూ వచ్చి ఉండకపోవచ్చు. ఆయన కుర్చీ మాత్రం ఆయన తర్వాత కూడా ఉంటుంది. జానపద కళాకారులకు నెలజీతం ఇవ్వడం మనకు తెలియని పద్ధతేమీ కాదు, 2014 తర్వాత తెలంగాణ సాంస్కృతిక సారథి చేసింది అదే. సినిమా పాటకు ఒక్కసారి వాడుకోవడం కాకుండా ప్రతి జానపద బృందంలో కిన్నెరకు ఒక స్టూలు, ఒక మైకు, మెట్లు కూర్చే ఒక పనివాడు. లెక్క వేస్తే నా ఆఫీసులో ఒక టీమ్ లంచ్‌ల ఖర్చు దాటదు.

పోయిన దసరాకు ఊరికెళ్లినప్పుడు అవ్వను అడిగాను, కిన్నెరాయన మన ఊరికి వచ్చేవాడా అని.

"రాకేం, వస్తుండె. మన వాకిట్లనే వాయిస్తుండె, యాపచెట్టు కాడ. సాయన్న కత చెప్తుండె. మస్తుగ చెప్తుండె."

"ఎంతసేపు?"

"పొద్దుమూకేదాంక. నిలవడే."

"కూసొమ్మనకపోతుంటిరా అవ్వా?"

అవ్వ నన్ను వింతగా చూసింది. "ఎవరంటరు బిడ్డా? అనే రివాజు లేకుండె."

ఏం మాట్లాడాలో తెలీక ఫోన్ తీసి, నాష్‌విల్‌లో తీసుకున్న వీడియో చూపించాను. అవ్వ కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చూసింది. పాడే అమ్మాయి గురించి అనలేదు. శబ్దం గురించీ అనలేదు.

"ముసలాయన కూసోని వాయిస్తుండు" అంది. ఫోన్ తిరిగి ఇచ్చింది. చాలాసేపటి తర్వాత, అడగకుండానే, యాపచెట్టు వైపు చూస్తూ అంది.

"మనింటికొచ్చేటాయన గూడ ముసలాయననే."